రజబ్ ముత్తాత ఏం పని చేసేవాడు

తాష్‌పులాత్ మళ్లీ ఇబాదుల్లా పలావు తింటున్నాడు. ఇప్పుడు ఈ మాట తేలిగ్గా రాసేస్తున్నాను గాని, మొన్న కుర్బాన్ పండుగ దాకా మా వీధిలో ఆ సంగతి ఎత్తడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు. ఇద్దరు ముసలివాళ్లు మాటలు మానేస్తే వీధికేం నష్టం అంటారేమో. ఆ చలికాలమంతా మేము పెళ్లికి ఉప్పు కషాయం, చావుకు చప్పిడి మెతుకులు తిన్నాం.

ఇబాదుల్లా మా వంటమనిషి. ఉస్తా, అంటే పనిలో ఆరితేరినవాడు, అంటారు అందరూ. పెళ్లయినా, చావయినా, పసివాణ్ని తొట్లో వేసినా బుఖారాలో మగవాళ్లకు పొద్దు పొడిచే వేళకు పలావు పెట్టాలి. మా పాతబస్తీలో ఆ పలావుకు రాగి గుండిగ ఎక్కించేది ఆయనే. సైన్యంలో క్యాబేజీ తరగడంతో మొదలుపెట్టాడు. తర్వాత పత్తి మిల్లు క్యాంటీన్‌లో రుచీ పచీ లేని సూపులు కాచీ కాచీ పింఛను తీసుకున్నాడు. అసలు వంట అప్పుడే మొదలైందంటాడు. భారీ మనిషి, మాట తక్కువ. బియ్యపు గింజ విరిగితే తన వేలు విరిగినట్టు చూస్తాడు.

ఆయనకొక అలవాటుంది. ఉప్పు తను చూడడు. పొగలో, సెగలో నిలబడ్డవాడి నాలుకకు ఉప్పు అందదని ఆయన నమ్మకం. మాంసం, క్యారెట్ ఉడుకుతున్నప్పుడు, బియ్యం పడకముందు, చిన్న పింగాణీ గిన్నెలో ఇంత పులుసు పోసి పక్కకు చాపుతాడు. ఆ పక్కన తాష్‌పులాత్ ఉండాలి. పెళ్లికాని రోజుల్లో సరదాకి వండుకున్నప్పటి నుంచీ అంతే. తాష్‌పులాత్ రైల్వేలో జెండా ఊపి రిటైరైనవాడు, బక్కపలచటి మనిషి, నోటి నిండా వెటకారం. పులుసు చప్పరించి ఎప్పుడూ ఒకే మాట అంటాడు: "తక్కువైంది." ఎంత గట్టిగా అన్నాడో చూసుకుని ఇబాదుల్లా ఉప్పు వేస్తాడు. గట్టిగా అంటే గుప్పెడు, మామూలుగా అంటే చిటికెడు, గొణిగితే సరిపోయినట్టు.

వంట దించాక ఇద్దరూ ఒకే పళ్లెంలో తింటారు. ఇక్కడ ఒక పళ్లెంలో చెయ్యి పెట్టడమంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

గొడవ వంశవృక్షంతో వచ్చింది.

నేను హెరాత్‌లోనూ, తబ్రీజ్‌లోనూ, కష్గర్‌లోనూ వంశవృక్షాలు చదివాను. ఎవరింటికి వెళ్లినా టీ తర్వాత అదే చూపిస్తారు. ఒక్కో ఊరిది ఒక్కో రకం బడాయి. బుఖారాలో మాత్రం చదవడానికి ముందు ఆ కాగితం ఏ కాలంలో రాసిందో చూడాలి. ఎర్రజెండా రోజుల్లో రాసిందైతే తాతలందరూ కూలీలే. పట్టు వర్తకుడు కూలీ, ముల్లా కూలీ, ద్రాక్షతోటల ఆసామీ "తోటలో కూలీ". అలా రాయకపోతే రైలెక్కించి సైబీరియా పంపేవారు మరి. ఎర్రజెండా దిగి స్వాతంత్ర్యం వచ్చాక రాసిందైతే వెతికినా ఒక్క కూలీ దొరకడు. గాడిదలు తోలినవాడు అశ్వదళంలో చేరిపోయాడు, కల్లం ఊడ్చినవాడు ధాన్యాగారానికి అధికారి అయ్యాడు. మా పక్కవీధిలో ఒకాయన తాత స్నానశాలలో వీపులు రుద్దేవాడు. మనవడు "ఎమీరు గారి అంతరంగికుడు" అని రాయించాడు, ఎమీరంటే అప్పటి రాజు. అంతరంగం దాకా కాకపోయినా వీపు దాకా నిజమే.

ఇబాదుల్లాకు ఈ పిచ్చి లేదు. ఉన్నది ఆయన చిన్నాన్న కొడుకు గైబుల్లాకు. జిల్లా సాంస్కృతిక శాఖలో పని చేసి దిగినవాడు, మెడలో టై లేకుండా బజారుకు కూడా వెళ్లడు. ఇబాదుల్లా మనవణ్ని తొట్లో వేసే వేడుకకు బహుమతిగా పెద్ద ఫలకం పట్టుకొచ్చాడు. దానిమ్మ చెట్టు బొమ్మ, కొమ్మకో పేరు, పేరు కింద వృత్తి, బంగారు సిరా. చెట్టు మొదట్లో ఇబాదుల్లా ముత్తాత: "రజబ్. ఎమీరు గారి జిందాన్ అధిపతి."

జిందాన్ అంటే కోట వెనక ఉన్న చెరసాల. ఇప్పుడు టిక్కెట్టు కొని చూస్తారు. నేలలోకి తవ్విన గోతిలో మనుషుల్ని తాళ్లతో దించేవారు.

ఆ వేడుక నాడు ముందువరసలో కూర్చున్నది తాష్‌పులాత్. కళ్లజోడు పెట్టుకుని ఫలకం మొత్తం చదివాడు. మళ్లీ మొదటి కొమ్మ దగ్గరికి వచ్చాడు. పలావు పళ్లెం అప్పుడే తెచ్చి ముందు పెట్టారు.

"ఇది నిజమేనా?" అన్నాడు ఇబాదుల్లాతో.

"గైబుల్లా రాయించాడు. నాకేం తెలుసు."

"మా ముత్తాత నియాజ్ ఆ గోతిలోనే పడి ఉన్నాడని నీకు తెలుసు."

"తెలుసు."

"కాళ్లు రెండూ పోయి, జనం ఎత్తుకుంటే బయటికొచ్చాడని తెలుసు."

"తెలుసురా. నువ్వు చెప్పినదే గదా."

తాష్‌పులాత్ కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పళ్లెంలో చెయ్యి పెట్టకుండా లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయాడు. ఆయన వెటకారం లేకుండా మాట్లాడటం మేం చూడటం అదే మొదలు.

ఇక్కడ నియాజ్ సంగతి కొంచెం చెప్పాలి. ఆ గోతి కథ తాష్‌పులాత్ టీ కొట్లో ఎన్నోసార్లు చెప్పాడు, వాళ్ల నాయనమ్మ చెప్పినట్టే చెప్పేవాడు. అడుగున చీకటి, పేలు, తేళ్లు. పొద్దెక్కిందని తెలిసేది ఒక్కదానితోనే: పైన గోతి మూతి దగ్గర తల లేని గొర్రె ఒకటి కనబడేదట. పొట్ట ఉబ్బి, నాలుగు కాళ్లూ వేలాడుతూ. దాని మెడలోంచి నీళ్లు ధారగా కిందికి పడేవట. నియాజ్ చచ్చేదాకా ఆ గొర్రెను తలుచుకునేవాడట. అది దేవుడు పంపినదని ఇంట్లో కొందరు, కాళ్లతో పాటు మతి కూడా పోయిందని కొందరు అనేవారు. టీ కొట్లో మేం మతి పోయిందన్న వైపే ఉండేవాళ్లం.

మర్నాడు ఇబాదుల్లా గైబుల్లా ఇంటికి వెళ్లాడు. నన్నూ తోడు రమ్మన్నాడు.

"ఆ మాట ఎక్కడ దొరికింది నీకు?" అని అడిగాడు.

"పెదనాన్నే చెప్పేవాడు గదా అన్నా, ముత్తాత రోజూ పొద్దున్నే జిందాన్‌కు వెళ్లేవాడని," అన్నాడు గైబుల్లా. "ఆలోచించు. ఖైదీ అయితే రోజూ వెళ్లడు, అక్కడే ఉంటాడు. రోజూ వెళ్లేవాడంటే ఉద్యోగి."

"ఉద్యోగి అయితే ఉద్యోగి అని రాయించు. అధిపతి ఎక్కడి నుంచి వచ్చాడు?"

"ఫలకం మీద చోటు మిగిలింది."

ఇబాదుల్లా చాలాసేపు తమ్ముడి టై వైపు చూశాడు. "మరి తాత ఉద్యోగపు కాగితంలో తండ్రి కూలీ అని ఉంది గదా."

"ఆ రోజుల్లో అందరూ అదే రాశారు, మన పరువు తక్కువ చేసుకుంటూ. నేను తిరిగి నిలబెట్టాను."

దారిలో ఇబాదుల్లా ఒక్క మాటే అన్నాడు: "కూలీగా చచ్చాడు, చచ్చాక అధిపతి అయ్యాడు. మధ్యలో ఏం చేశాడో చెప్పేవాడు లేడు, ముసాఫిర్." నన్ను ఈ వీధిలో అలా పిలుస్తారు, బాటసారి అని. ఈ వీధిలో దిగి ఎన్నేళ్లయినా ఆ పేరు పోలేదు.

చెప్పగలిగేది ఒక్కరే మిగిలారు, ఆయన మేనత్త అంబర్. రజబ్‌కు సొంత మనవరాలు, చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చున్న మనిషి. చూపు ఆనదు, పళ్లు లేవు, నోరు మాత్రం దిట్టంగా ఉంది. ఇబాదుల్లా వెళ్లి అడిగాడు. "ముత్తాత ఏం పని చేసేవాడత్తా?"

"కూలీ," అంది.

"ఎక్కడ కూలీ? ఏం కూలీ?"

"కూలీ అంటే కూలీ. వెళ్లి మీ పొయ్యి చూసుకో."

ఎన్నిసార్లు వెళ్లినా అదే జవాబు. జిందాన్ పేరెత్తితే గోడ వైపు తిరిగి పడుకునేది. దాంతో ఇబాదుల్లాకు అనుమానం ముదిరింది. దాచడానికి ఏమీ లేకపోతే ఎందుకు దాస్తుంది? తన ముత్తాత చేతుల్లో తాళాలు, కొరడా కనబడటం మొదలైంది ఆయనకు. గుండిగ కలుపుతూ కలుపుతూ ఆగి తన అరచేతులు చూసుకునేవాడు. ఉప్పు చూడమని ఎవరెవరికో గిన్నె చాపాడు. మర్యాదకు అందరూ "అద్భుతం ఉస్తా" అన్నారు. ఒకసారి నాకూ చాపాడు. నేనూ అద్భుతమే అన్నాను. ఆ పలావు తిన్న పెళ్లివారు రోజంతా నీళ్ల కూజాల చుట్టూ తిరిగారు.

ఇంట్లో ఆయన భార్య మునవ్వర్ ఊరుకోలేదు. "నువ్వు చెరసాల అధిపతి మునిమనవడివైతే, ఇన్నేళ్లు నేను ఈ వంటింట్లో ఎందుకున్నానో ఇప్పటికి తెలిసింది," అనేది. మామూలు రోజుల్లో అయితే ఆయన నవ్వేవాడు. ఆ చలికాలం, "గుండిగ అమ్మేస్తాను," అన్నాడు. అప్పుడు ఆమె కూడా వెటకారం మానేసి నా దగ్గరికి వచ్చింది, తాష్‌పులాత్‌తో మాట్లాడి చూడమని.

మాట్లాడాను. తాష్‌పులాత్ తన గుమ్మంలో కూర్చుని బూట్లకు నల్లరంగు రాసుకుంటున్నాడు. "ఇబాద్ మంచివాడే," అన్నాడు. "వాడి ముత్తాత చేసినదానికి వాడేం చేస్తాడు? ఆ మాట నాకూ తెలుసు. కానీ పళ్లెంలో చెయ్యి పెట్టబోతే మా నాయనమ్మ కనబడుతోంది. ఆమెకేం చెప్పమంటారు?"

బూటు పాలిష్ బాగుందని చెప్పి వచ్చేశాను.

కుర్బాన్ పండుగ వచ్చింది. అప్పటికి మంచు కరిగి నేరేడుపండు రంగు బురద మిగిలింది. గ్యాసు గొట్టాలు వేయడానికి మా వీధిని అడ్డంగా తవ్వి పడేశారు. పండుగ నాడు ఎవరి పెరట్లో వాళ్లు గొర్రెను కోసుకుంటారు, మాంసం పంచుతారు, తోలు మసీదుకు ఇస్తారు. ఇబాదుల్లా ఇంట్లో తోలు తీసే పద్ధతి వేరు. అందరూ పొట్ట చీల్చి తివాచీలా పరిచి తీస్తారు. వీళ్లు పొట్టకు కత్తి తగలనివ్వరు. వెనక కాళ్ల దగ్గర కొంచెం కోసి, గాలి ఊది, పసివాడికి చొక్కా విప్పినట్టు మెడ మీదుగా మొత్తం లాగేస్తారు. తర్వాత కాళ్లు ముడివేసి మళ్లీ గాలి నింపి, మెడ కట్టి చూస్తారు. ఎక్కడైనా సన్నగా గాలి పోతే, గాటు పెట్టినవాడికి ఆ రోజు కాలేయం వేపుడు పెట్టరు. ఎందుకిలా అంటే మా ఇంటి పద్ధతి అంటారు. ఇంత శ్రమపడి తీసిన తోలును మసీదు దగ్గర ఉప్పు రాసేవాళ్లు చటుక్కున చీల్చి పరిచేస్తారు. నేను చాలాసార్లు నవ్వుకున్నాను.

ఎప్పుడూ ఆ తోలును మడిచి, తోపుడుబండి మీద పెద్దవీధి గుండా పంపేవారు. ఈసారి వీధి తవ్వకంతో బండి కదల్లేదు. ఇబాదుల్లా గాలి తీయడానికి కూడా ఓపిక లేనట్టు, ఉబ్బిన తోలును అలాగే వీపు మీద వేసుకుని సందులోంచి బయలుదేరాడు. ఆ సందులోనే తాష్‌పులాత్ గుమ్మం. చలికాలమంతా ఆయన అటు వెళ్లలేదు. నేను వెనక మాంసం గిన్నెతో ఉన్నాను.

తాష్‌పులాత్ తన గొర్రె పని ముగించి చేతులు కడుక్కుంటున్నాడు. ఇబాదుల్లా తల వంచుకుని, వంగిన నడుముతో బురదలో అడుగు చూసుకుంటూ ఆయన్ని దాటాడు. వీపు మీద తోలు, పొట్ట ఉబ్బి, నాలుగు కాళ్లూ అటూ ఇటూ ఊగుతూ. తల లేదు.

నీళ్ల చెంబు కింద పడ్డ చప్పుడైంది.

"ఆగు," అన్నాడు తాష్‌పులాత్.

ఇబాదుల్లా ఆగాడు, తిరగలేదు.

"అదేంట్రా?"

"తోలు."

"తోలని తెలుసు. అలా ఎందుకు తీశారు?"

"మా ఇంట్లో అలాగే తీస్తారు. ఎప్పటి నుంచో."

"ఎప్పటి నుంచి?"

"నాకేం తెలుసురా. మా తాత కూడా ఇలాగే తీసేవాడు. వెళ్లనివ్వు, బరువుగా ఉంది."

"గాలికి బరువేంటి? పద." తాష్‌పులాత్ తడి చేతులతోనే ఆయన భుజం పట్టుకుని, మసీదు వైపు కాకుండా అంబర్ ఇంటి వైపు తిప్పాడు. ఎన్నో నెలల తర్వాత ముట్టుకున్నాడు. ఇబాదుల్లా అటే నడిచాడు. నేను గిన్నె పట్టుకుని వెనకే వెళ్లాను. ఆ మాంసం ఎవరికి ఇవ్వాలో ఆ తర్వాత గుర్తే రాలేదు.

అంబర్ పరుపు మీద కూర్చుని పండుగ మిఠాయి చప్పరిస్తోంది. తాష్‌పులాత్ ఆమె ముందు తోలు దించాడు.

"అత్తా, ఇది చూడు. మీ ఇంట్లో తోలు ఇలా తీస్తారెందుకు?"

ఆమె రెండు చేతులతో తడిమింది. పొట్ట నొక్కింది. కాళ్ల ముడులు లాగి చూసింది. మెడ దగ్గరికి వచ్చేసరికి మొహం చిట్లించింది. "మెడ పొట్టిగా కోశాడు. వీడికి ఎప్పటికీ రాదు. మెడ పొడుగ్గా ఉంచాలి. లేకపోతే పోసేటప్పుడు కాళ్ల మీద పడిపోతాయి."

"ఏం పోసేటప్పుడు?"

"నీళ్లు. ఇంకేం పోస్తారు, పాలా?"

ఇబాదుల్లా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అత్తా, నేనెన్నిసార్లు అడిగాను. కూలీ అన్నావు గదా."

"నువ్వు ఏం పని చేసేవాడని అడిగావు. ఆ మాట ఎవరడిగినా కూలీ అని చెప్పమన్నాడు మా నాన్న. చెప్పాను. తోలు సంగతి నువ్వు అడగలేదు."

ఇక ఆమెను ఆపలేకపోయాం. రజబ్ కొలను నుంచి తోలుసంచిలో నీళ్లు మోసేవాడు. ఊళ్లో అప్పట్లో కుళాయిలు ఎక్కడివి? కొలనుల నీళ్లే తాగాలి, అవి ఇళ్లకు చేర్చేవాళ్లు వందలమంది ఉండేవారు. రజబ్ మాత్రం మొదటి సంచి జిందాన్‌కు తీసుకెళ్లేవాడట. కొలను దగ్గరికి రాలేనివాళ్లకు ముందు పొయ్యాలనేవాడు. గోతిలో ఉన్నవాళ్లు రాలేరు గదా.

"వాళ్లేమిచ్చేవాళ్లత్తా?" అన్నాను నేను.

"ఏమిస్తారు, పేలు ఇచ్చేవాళ్లు. మా నాయనమ్మ ఆయన చొక్కా గుమ్మం బయటే విప్పించేది."

"మరి ఇందులో దాచడానికేముంది?" అన్నాడు ఇబాదుల్లా.

ఆమె మిఠాయి పక్కన పెట్టింది. ఎర్రజెండా ప్రభుత్వపు వైద్యులు వచ్చి, ఊరి కాళ్లలో పుట్టే నారికురుపులకు ఆ కొలను నీళ్లే కారణమని చెప్పారు. నిజమే, ఆ పురుగు నీళ్లలోంచే వచ్చేది. మంగలివాళ్లు పుల్లకు చుట్టి కాలిలోంచి లాగేవాళ్లని నేను ముసలివాళ్ల నోట విన్నాను. కొలనులు ఎండగట్టారు. అది జనానికి మంచిదే అయింది. కానీ వీధిలో వాళ్లు నీళ్లు మోసినవాళ్ల గుమ్మాల ముందు నిలబడి తిట్టారట, మా పిల్లల కాళ్లలో పురుగులు పోశారని. రజబ్ ఆ దిగులుతోనే పోయాడు. తర్వాత కాగితాల మీద వృత్తి రాయమన్నప్పుడు ఆయన కొడుకు "కూలీ" అని రాసి, ఇంటిల్లిపాదికీ అదే నేర్పాడు. తోలు తీయడం మాత్రం చేతులకు అలవాటైన పని, దాన్ని మాన్పించాలని ఎవరికీ తోచలేదు.

తాష్‌పులాత్ తోలు పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. దాని కాలొకటి పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకున్నాడు. "తల లేని గొర్రె," అన్నాడు. "మా నాయనమ్మ అబద్ధం చెప్పలేదు. ముసలాయనకు మతీ పోలేదు."

"ఆయనకే పోశాడని రుజువేం లేదురా," అన్నాడు ఇబాదుల్లా. తన తరఫున తనే వాదించుకోలేని మనిషి.

"ఆ గోతికి ఇంకెంతమంది పోసుంటారు? నోరు మూసుకో." తాష్‌పులాత్ తల గోక్కున్నాడు. పెదవి ఒక పక్కకు వంగింది. చలికాలమంతా మాకు కనబడని వంపు అది. "కాదు, ఆగు. మా నియాజ్ కాళ్లు సంకెళ్ల వల్ల పోయాయనుకున్నాం ఇన్నాళ్లూ. మీవాడి నీళ్ల వల్లా? పురుగులు పోసింది మీవాడేనా?"

ఇబాదుల్లా మొహం పాలిపోయింది. తాష్‌పులాత్ నవ్వు ఆపుకోలేక పరుపు మీద వాలిపోయాడు. అది చూసి ఇబాదుల్లా కూడా నవ్వాడు, నవ్వుతూనే చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఆయన భారీ భుజాలు అంత కిందికి దిగడం నేను చూడలేదు. ఊపిరంతా ఒక్కసారి వదిలినట్టయింది. ఆ గదిలో మాక్కూడా.

"మీ నియాజ్ ఎందుకు జైలుకు పోయాడో కూడా నాకు తెలుసు," అంది అంబర్. "చెప్పనా?"

"వద్దత్తా," అన్నాడు తాష్‌పులాత్ గబుక్కున. "పండుగ పూట ఎందుకు."

తాష్‌పులాత్ ఇంటి ఫలకం మీద నియాజ్ "ధిక్కారి, కవి" అని ఉంది. నేనూ అడగలేదు.

గైబుల్లా మాత్రం ఒప్పుకోలేదు. "నీళ్లు మోసేవాడని గోడకు తగిలించుకుంటామా?" అన్నాడు. బంగారు సిరా చెరపడం కుదరదని ఫలకం రాసినాయన కూడా చెప్పాడు. మునవ్వర్ ఎవర్నీ అడగకుండా ఆ మొదటి కొమ్మ కింద మేకు కొట్టి పలావు కలిపే పెద్ద గరిటె తగిలించింది. ఇప్పుడు "రజబ్" అన్నంతవరకే కనబడుతుంది, కింద గరిటె. వంట ఉన్న రోజున ఇబాదుల్లా గరిటె తీసుకెళ్తే అధిపతి బయటపడతాడు, సాయంత్రానికి మళ్లీ దాక్కుంటాడు.

పండుగ తర్వాత మొదటి పెళ్లి రొట్టెల వాళ్లింట్లో. మేం వెళ్లేసరికి పులుసు ఉడుకుతోంది. జీలకర్ర, గొర్రె కొవ్వు వాసన సందు చివరికే తగిలింది. తాష్‌పులాత్ పొయ్యి పక్కన తన పాత స్టూలు మీద కూర్చుని, ఆ స్టూలును ఇన్నాళ్లలో ఎవడు కుంటిదాన్ని చేశాడని విచారిస్తున్నాడు. ఇబాదుల్లా పింగాణీ గిన్నెలో పులుసు పోసి, అటు చూడకుండా పక్కకు చాపాడు.

తాష్‌పులాత్ ఊదుకుని చప్పరించాడు.

"తక్కువైంది," అని గొణిగాడు.

ఇబాదుల్లా ఉప్పు డబ్బా మూత పెట్టి, బియ్యం తెమ్మన్నాడు.